బల్లార్ష వైపు పాత క్వారీలో శిలాజాల వేట: ఆకులు బోలెడు, ఈ మూడు రాళ్లు ఏంటో చెప్పండి

వార్ధా_ఒడ్డు (ఆదివారం, రాత్రి 9:40)

అందరికీ నమస్తే. చంద్రపూర్ జిల్లాలో, బల్లార్షకు మరీ దూరం కాని ఒక పాత రాళ్ల క్వారీకి ఈ రోజు వెళ్లొచ్చాం. నేను, పదో తరగతి చదివే మా మేనల్లుడు, నాతో పనిచేసే ఒక మరాఠీ మిత్రుడు. ఊరి పేరు ఇక్కడ రాయను. ఎందుకో పాత సభ్యులకు తెలుసు. ఒకప్పుడు చుట్టుపక్కల ఇళ్ల పునాదులకు, బావులకు ఇక్కడి ఎర్ర ఇసుకరాయే పోయేదట. పని ఆగిపోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు సగం గొయ్యి నిండా నీళ్లు, మిగతా సగం తుమ్మచెట్లు, మేకలు.

స్థలం గ్రామ పంచాయతీది. ముందురోజే సర్పంచ్ గారిని కలిసి అడిగాం. నీళ్ల వైపు పిల్లాణ్ణి పోనివ్వొద్దు అన్నదొక్కటే ఆయన షరతు.

బస్టాండు దగ్గర తర్రీ పోహా తిని, ఎండ ఎక్కకముందే దిగాం. మొదట్లో గోడ మీద పడ్డాం, అంటే క్వారీ గోడ. అదంతా గరుకు ఇసుకరాయి, కొడితే సుత్తి ఎగిరి పడుతోంది తప్ప లోపల ఏమీ లేదు. మేకలు కాసే పెద్దాయన చాలాసేపు చూసి, చివరికి కర్రతో అవతలి కుప్ప చూపించాడు. రాళ్లు కొట్టేవాళ్లు కట్టడానికి పనికిరాదని పారబోసిన కుప్ప అది. ఇసుకరాయి పొరల మధ్య వచ్చే పలచటి పలకరాయి, లేత ఎరుపు కొంత, తెల్ల బంకమట్టి లాంటిది కొంత. ఇంక మధ్యాహ్నం దాకా అక్కడి నుంచి కదల్లేదు.

పలకను నిలువుగా పట్టుకుని అంచు మీద ఉలి పెట్టి చిన్నగా తడుతుంటే ఒక్కోటి పుస్తకంలా విడిపోతుంది. ఖాళీవే ఎక్కువ. కానీ ఒకటి విడిపోయినప్పుడు జానెడు ఆకు, మొదలు నుంచి కొస దాకా, ఇటుక రంగు రాతి మీద ముదురు గోధుమ రంగులో! నడిమి ఈనె జొన్న చొప్ప పుల్లంత మందం. దాని రెండు వైపులా సన్నటి ఈనెలు వంపు తిరిగి అంచు దాకా పోయాయి, మధ్యమధ్యలో ఒకదానితో ఒకటి కలుస్తూ వల అల్లినట్టు. భూతద్దం పెట్టి చూస్తే ఈనె దగ్గర గళ్లు పొడుగ్గా వెడల్పుగా, అంచుకు పోయేకొద్దీ ఇరుకుగా ఉన్నాయి. ఒక అంచున చిన్న అర్ధచంద్రం కోసేసినట్టు ముక్క లేదు.

ఇది గ్లాసోప్టెరిస్ అని, అంటే ఎప్పుడో అంతరించిపోయిన చెట్టు ఆకని, నాకు దాదాపు నమ్మకమే. కింది మూడింటి గురించే అడుగుతున్నా.

నాలుగో ఫొటో: వేలెడు వెడల్పున పొడుగ్గా, మధ్యలో గీత, అడ్డంగా గళ్లు. మావాడు చేప వెన్నెముక అంటున్నాడు.
ఆరో ఫొటో: తెల్ల రాయి పగులు మీద నల్లటి బుల్లి ఫెర్న్ కొమ్మలు, ఎంత అందంగా ఉన్నాయో.
ఏడో ఫొటో: కొబ్బరికాయంత గుండ్రాయి, పైన తుప్పు రంగు పెంకు. ఇది డైనోసార్ గుడ్డేనని మావాడు అప్పుడే స్కూల్ గ్రూపులో పెట్టేశాడు.


జియాలజీ_అక్క (ఆదివారం, రాత్రి 10:25)

ముందు ఏడోది తేల్చేద్దాం, పిల్లాడి పరువు సంగతి కదా. అది గుడ్డు కాదు. ఇసుకరాయిలో ఇనుము ఒక చోట పోగై గట్టిపడిన ఉండ. మీ క్వారీలోని ఎర్ర ఇసుకరాయి పొరలను కామ్ఠీ అంటారు, ఆ రాళ్లలో ఇనుము దండిగా ఉంటుంది, ఆ ఎర్ర రంగు దానిదే. అసలు ఆ రాయి వయసు చూడండి. కామ్ఠీ పొరలు పర్మియన్ కాలం చివరివి, అంటే పాతిక కోట్ల ఏళ్ల పైమాట. డైనోసార్లు ఇంకా పుట్టనే లేదు.

ఆరోది మొక్కే కాదు. పగుళ్లలోకి నీటితో పాటు దిగిన మాంగనీసు ఆక్సైడు అలా కొమ్మలు కొమ్మలుగా పేరుకుంటుంది. డెండ్రైట్ అంటారు. గుర్తు పట్టడం తేలిక: కొమ్మలన్నీ పగులు అంచు నుంచే మొదలవుతాయి, ఈనెలు ఉండవు, పొర మీద కాకుండా పొరను అడ్డంగా కోసే పగులు మీద కూడా కనిపిస్తాయి. మీ ఫొటోలో పగులు పొరకు అడ్డంగానే ఉంది.

నాలుగోది బాగుంది. చేప కాదు, వేరు. గ్లాసోప్టెరిస్ చెట్టు వేరుకు వెర్టిబ్రేరియా అని విడిగా పేరుంది. ఆకు, వేరు, కాండం, గింజ ఎప్పుడూ విడివిడిగా దొరుకుతాయి కాబట్టి ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టారు, తర్వాత అవన్నీ ఒకే చెట్టువని తేలింది. ఆ గళ్లు వేరు లోపలి ఖాళీ అరలు. నీళ్లు నిలిచే చిత్తడి నేలలో బతికే చెట్టుకు వేళ్లలో గాలి ఆడటానికి అవి పనికొచ్చేవని అంటారు.

ఆ కోసేసినట్టున్న అంచు దగ్గరగా తీసి పెట్టండి, పక్క నుంచి వెలుతురు పడేలా. అన్నిటికంటే నాకు దాని మీదే ఆసక్తి.


ఓసీ_టూ (ఆదివారం, రాత్రి 10:31)

గుడ్డు కాదని స్కూల్ గ్రూపులో ఎవరు చెప్తారు ఇప్పుడు 😄


రిటైర్డ్_ఓవర్‌మన్ (ఆదివారం, రాత్రి 11:05)

వార్ధా తమ్ముడూ, చదువుతుంటే పాత రోజులు గుర్తొచ్చాయి. నేను ఈ పట్టీలోనే అండర్‌గ్రౌండ్‌లో చేశాను. బొగ్గు తీసేశాక పైన మిగిలే కప్పు బూడిద రంగు పలకరాయి. షిఫ్టు మొదట్లో ఇనుప రాడ్డుతో కప్పును కొట్టి చప్పుడు వినాలి. ఖంగుమంటే గట్టిది, బోలుగా మోగితే పలక విడిచింది అన్నట్టు. అలా విడిచిన పలకల్ని దింపినప్పుడు వాటి కింది వైపు ఆకులు ఉండేవి. నీ ఫొటోలో లాగా ఎర్రగా కాదు, నల్లగా నిగనిగలాడుతూ, క్యాప్ ల్యాంపు వెలుగులో. ఒకదాని మీద ఒకటి, చెట్టు కింద రాలినట్టే. మొదటిసారి చూసినవాడు ఎవడైనా ఒక్క నిమిషం ఆగేవాడు. రెండోసారి నుంచి ఎవడూ తలెత్తి చూసేవాడు కాదు, టన్నుల లెక్క ముందు ఆకు ఏ మూలకు!

ఒకటి ఇంటికి తెచ్చాను. వారం తిరగకుండా పొట్టు రాలినట్టు రాలిపోయింది. అది ఎందుకో అక్కయ్య చెప్పాలి.


జియాలజీ_అక్క (ఆదివారం, రాత్రి 11:30)

సార్, మీరు చూసినవి బరాకర్ పొరలు. చంద్రపూర్ బొగ్గు అందులోనే ఉంది, కామ్ఠీ దాని పైన పరుచుకుంది. బరాకర్ పలకరాళ్లలో ఆకు తాలూకు కార్బన్ పల్చటి పొరగా ఇంకా మిగిలి ఉంటుంది, అందుకే నల్లగా మెరుస్తుంది. గనిలో తేమకు అలవాటు పడిన రాయి బయట ఎండకు ఒక్కసారి ఆరితే పగులుతుంది, కార్బన్ పొర లేచిపోతుంది. తడి గుడ్డలో చుట్టి నెమ్మదిగా నీడలో ఆరబెట్టి ఉంటే కొంత నిలిచేది.

కామ్ఠీలో కార్బన్ పోయింది, అచ్చు మాత్రమే మిగిలింది, ఆ అచ్చులో ఇనుము చేరింది. అందంలో బరాకర్ ఆకుదే పైచేయి, కానీ ఇంట్లో దాచుకోవడానికి కామ్ఠీ ఆకే మేలు.

ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయన్నారే, దాని మీద శాస్త్రవేత్తలు చాలా రాశారు. ఈ చెట్లు చలికాలానికి ఆకులన్నీ రాల్చేవని ఎక్కువమంది అభిప్రాయం. అప్పుడు మన నేల దక్షిణాన చాలా దూరం, అంటార్కిటికాకు ఆనుకుని ఉండేది. ఈ చెట్ల కాండాల్లో ఏటేటి వలయాలు కూడా స్పష్టంగా కనిపిస్తాయి.


ప్రశ్నల_పుట్ట (సోమవారం, ఉదయం 7:10)

అక్కా, ఒక సందేహం. అంటే మన చంద్రపూర్ థర్మల్ పవర్ స్టేషన్‌లో కాలేది ఈ ఆకులేనా?


జియాలజీ_అక్క (సోమవారం, ఉదయం 7:45)

చాలావరకు అవే. ఆ చిత్తడి అడవుల కలప, ఆకులు, వేళ్లు కలిసి పీట్ (సగం కుళ్లిన మొక్కల ముద్ద) అయి, తర్వాత బొగ్గయింది. సింగరేణి బొగ్గు కూడా ఈ కుటుంబమే, ఒకే లోయ ఇటు వార్ధా వైపు, అటు గోదావరి వైపు సాగింది.


సిరొంచ_రేవు (సోమవారం, ఉదయం 8:20)

ఆకుల గొడవలో మా ఊరిని మర్చిపోకండి బాబూ. డైనోసార్ కావాలంటే ప్రాణహిత వెంబడి కిందికి రావాలి, గడ్చిరోలి జిల్లా సిరొంచకి. మా తాలూకాలో పోచంపల్లి దగ్గర 1958 నుంచి 1961 వరకు కలకత్తా ఐఎస్ఐ వాళ్లు తవ్వారు. ఐఎస్ఐ అంటే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్, లెక్కల సంస్థ. దాన్ని స్థాపించిన మహలనోబిస్ గారు లండన్ నుంచి పమేలా రాబిన్‌సన్ అనే ఆవిడను పిలిపించి అక్కడ శిలాజాల విభాగం పెట్టించారు. లెక్కల వాళ్లకు ఎముకలతో ఏం పని అని అప్పట్లో ఎంతమంది నవ్వుకున్నారో గానీ, సుమారు మూడు వందల ఎముకలు దొరికాయి, కనీసం ఆరు జంతువులవి. ఒక తొడ ఎముక 1.7 మీటర్లు. తల మాత్రం దొరకలేదు. రవీంద్రుడి శతజయంతి ఏడాదిలో తవ్వారని బరాపాసారస్ టాగోరై అని 1975లో పేరు ప్రకటించారు. ఆ అస్థిపంజరం ఇప్పుడు కలకత్తాలోని వాళ్ల మ్యూజియంలో నిలబెట్టి ఉంది.

దాని తమ్ముడి లాంటి కోటాసారస్‌ను హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో చూడొచ్చు. అది నదికి అవతలి ఒడ్డున, నాటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికింది. యాదగిరి గారు 1988లో పేరు పెట్టారు. ఒక ఒడ్డుది కలకత్తా పోయింది, ఇంకో ఒడ్డుది హైదరాబాద్ పోయింది. మాకు మిగిలింది వడదంలో అటవీ శాఖ పెట్టిన శిలాజ పార్కు, రాయిగా మారిన చెట్ల మొద్దులు. మా పిల్లలు బరాపాసారస్ చూడాలంటే రెండు రాత్రుళ్లు రైలెక్కాలి. దీని మీద నాకు కోపమే, దాచుకోను.


ఓసీ_టూ (సోమవారం, ఉదయం 8:41)

అన్నా, అక్కడే ఉంచితే మిగిలి ఉండేదంటావా?


సిరొంచ_రేవు (సోమవారం, ఉదయం 8:50)

ఉండేది కాదేమో. అయినా ఒక అచ్చు తీసిన నమూనా అన్నా ఇవ్వొచ్చు కదా, ఈ రోజుల్లో అదేం పెద్ద పని.


పీసదురా_పొలం (సోమవారం, మధ్యాహ్నం 1:15)

డైనోసార్ అంటే ఎముకలే కానక్కర్లేదు. మాది వరోరా వైపు. పీసదురాలో పొలం దున్నితే పైకి వచ్చేవి ఏంటో తెలుసా? పేడ ముక్కలు. నిజంగానే, డైనోసార్ల పేడ రాయిగా మారింది. మాట్లీ అనే ఆయన 1939లోనే వీటి మీద వ్యాసం రాశాడు. 2005లో లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ వాళ్లు, మరికొందరు కలిసి ఈ పేడను పరీక్షిస్తే అందులో గడ్డి తాలూకు సన్నటి సిలికా కణాలు కనిపించాయి. అప్పటిదాకా గడ్డి డైనోసార్లు పోయాకే వచ్చిందని చాలామంది అనుకునేవారు. మన జిల్లా పేడ ఆ మాటను మార్చేసింది. సైన్స్ పత్రికలో వచ్చింది.

మా నాన్న వాటిని గట్టు మీదకు విసిరేసేవాడు, నాగలికి అడ్డమని.


ప్రశ్నల_పుట్ట (సోమవారం, మధ్యాహ్నం 2:02)

ఇక్కడ సాలగ్రామాలు దొరికే అవకాశం ఉందా? మా అత్తయ్య అడగమన్నారు.


జియాలజీ_అక్క (సోమవారం, మధ్యాహ్నం 2:30)

లేదని చెప్పండి అత్తయ్య గారికి. సాలగ్రామాల్లో ఉండేవి అమ్మోనైట్లు, సముద్ర జీవులు. హిమాలయాలు లేవకముందు అక్కడ ఉన్న సముద్రం అడుగువి, అందుకే నేపాల్ గండకి నదిలో దొరుకుతాయి. మన కామ్ఠీ రాళ్లు నదులు పోసినవి.


లక్ష్మీ_ట్రేడర్ (సోమవారం, సాయంత్రం 5:48)

ఆకు ఒక్కోటి ఎంతకు పోతుంది? పెద్ద కుప్ప అంటున్నారు కదా. నాకు తెలిసినవాళ్ల దగ్గర జేసీబీ ఉంది. లొకేషన్ పంపండి.


రిటైర్డ్_ఓవర్‌మన్ (సోమవారం, సాయంత్రం 6:05)

ఊరి పేరు ఎందుకు రాయలేదో ఇప్పుడు కొత్తవాళ్లకూ అర్థమై ఉంటుంది.


నల్లకోటు (సోమవారం, సాయంత్రం 6:40)

ట్రేడర్ గారూ, ఆకుకు మీరనుకునే ధర రాదు. అది పక్కన పెట్టండి. భౌమ వారసత్వ స్థలాలు, అవశేషాల రక్షణకు కేంద్రం 2022 డిసెంబరులో ముసాయిదా బిల్లు బయటపెట్టింది. ఆ రాళ్లు పంచాయతీ నేలవి, చిన్నపాటి ఖనిజంగా చూసినా తవ్వి రవాణా చేయడానికి అనుమతి కావాలి. జేసీబీ దింపితే ముందు తహసీల్ ఆఫీసు నుంచే మనుషులు వస్తారు.

నా గొడవ వేరే. వార్ధా గారూ, మీరైనా సరే ఎన్ని తెచ్చారు? ఫొటో తీసి అక్కడే వదిలేయొచ్చు కదా?


వార్ధా_ఒడ్డు (సోమవారం, రాత్రి 9:15)

న్యాయమైన ప్రశ్న. బాగా వచ్చిన ఆకులు, ఆ వేరు, ఇవే తెచ్చాను. చిన్న సంచి నిండలేదు. మిగతావి కుప్ప మీదే బోర్లించి పెట్టాం, వానకు ముఖం పాడవకుండా.

కానీ అక్కడే వదిలేయడం ఈ విషయంలో మంచిదని నాకు అనిపించదు. ఇది గోడలో ఉన్న శిలాజం కాదు, పారబోసిన కుప్ప. ఆ పెద్దాయన చెప్పింది ఏంటంటే, రోడ్డు గుంతలు పూడ్చడానికి ఏటా ఎవరో ఒకరు ట్రాక్టర్ తెచ్చి ఈ కుప్పలోంచే నింపుకుపోతారు. నిన్న మేం వదిలేసింది వచ్చే వేసవికి రోడ్డు కింద ఉంటుంది.


జియాలజీ_అక్క (సోమవారం, రాత్రి 9:50)

ఇక్కడ నేను వార్ధా తమ్ముడి వైపే. గోడలో ఉన్నదాన్ని తవ్వడం వేరు, కుప్పలోది ఏరడం వేరు. ఒక షరతుంది: రాయితో పాటు దాని ఊరు కూడా రావాలి. ఏ క్వారీ, ఏ కుప్ప, గోడలో ఏ పొర నుంచి వచ్చి ఉండొచ్చు, ఏ తేదీ. ఇవి లేని ఆకు ఎంత అందంగా ఉన్నా బల్ల మీద అలంకారమే. చోటు రాసి ఉన్న ఆకు సగం విరిగినదైనా పనికొస్తుంది. కాబట్టి ఇక్కడ ఊరి పేరు దాచండి, మీ నోటుబుక్కులో మాత్రం దాచొద్దు.

రాయికి ఒక మూల తెల్ల పెయింటు చుక్క పెట్టి దాని మీద నంబరు వేయండి. కాగితం అంటిస్తే చెదలు తింటాయి. రెండుగా విడిపోయిన పలకలో రెండు ముక్కలూ ఉంచుకోండి, రెంటికీ ఒకే నంబరు. ఒకదానిలో ఈనెలు ఉబ్బెత్తుగా, ఇంకోదానిలో గుంటగా ఉంటాయి. ఒకదానిలో కనిపించనిది రెండోదానిలో దొరుకుతుంది. కడగొద్దు, వార్నిష్ అసలే వద్దు. మెరుపు కోసం వార్నిష్ పూసిన ఆకులు ఎన్నిసార్లు చూశానో, ఈనెలన్నీ మూసుకుపోయి ఉంటాయి, చూస్తే ఏడుపొస్తుంది.

ఏ ఆకు ఏ జాతో తేలకపోతే నాగపూర్ సెమినరీ హిల్స్‌లో జీఎస్ఐ (జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా) ఆఫీసు ఉంది, అడగండి. మరో మాట, నడిమి ఈనె అస్సలు లేని ఆకు కనిపిస్తే వదలొద్దు. దాన్ని గంగమోప్టెరిస్ అంటారు.


వార్ధా_ఒడ్డు (సోమవారం, రాత్రి 10:20)

అక్కా, అంచు ఫొటో పెట్టాను. టార్చి పక్కకు పట్టుకుని తీశాడు మావాడు.


జియాలజీ_అక్క (సోమవారం, రాత్రి 10:48)

చూశాను. ఆ కోత చుట్టూ సన్నటి ముదురు గీత కనిపిస్తోందా? గట్టు కట్టినట్టు ఉంది. ఆకు రాలాక చిరిగితే ఆ గట్టు రాదు. చెట్టు మీద బతికి ఉన్నప్పుడు కోత పడితేనే ఆకు అంచును మాన్పుకుని అలా గట్టిపడుతుంది. గోండ్వానా (అప్పట్లో మన నేల, అంటార్కిటికా కలిసి ఉన్న పాత మహాఖండం) ఆకుల మీద పురుగులు కొరికిన గుర్తులు చాలా చోట్ల నమోదయ్యాయి. ఫొటో మీదే ఖాయంగా చెప్పను, రాయి చూడాలి. కానీ పురుగు కొరికిందే అయితే మీ సంచిలో అన్నిటికన్నా విలువైనది ఇదే.


రిటైర్డ్_ఓవర్‌మన్ (సోమవారం, రాత్రి 11:02)

పాతిక కోట్ల ఏళ్ల నాడే పురుగు పట్టిందన్నమాట చేనుకి!


ఆఫ్_సైడ్ (మంగళవారం, ఉదయం 6:55)

గ్లాసోప్టెరిస్ అంటే నాకు గుర్తొచ్చేది బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందం. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తూ, తిండి లేక, కాళ్లు మంచుకు పాడైపోయి ఉన్నా బియర్డ్‌మోర్ హిమనదం దగ్గర ఏరిన రాళ్లను పారేయలేదు. 16 కిలోలు. ఆ ఏడాది నవంబరులో శవాలు దొరికినప్పుడు రాళ్లు కూడా దొరికాయి, వాటిలో ఇదే ఆకు. బల్లార్షలో, అంటార్కిటికాలో ఒకే చెట్టు.

వీటిని మన వైపు మొదట ఏరినవాళ్లలో ఒకరు నాగపూర్ పాస్టర్ హిస్లాప్. ఆయన పేరు మీదే అక్కడ కాలేజీ ఉంది. 1863లో టాకళ్‌ఘాట్ వెళ్లి తిరిగొస్తూ వాగు దాటబోయి కొట్టుకుపోయాడు. సర్పంచ్ గారి నీళ్ల షరతు చదివి ఇది రాయాలనిపించింది. పాత క్వారీ నీళ్లు లోతు తెలియవు, అంచు నిట్టనిలువుగా ఉంటుంది, ఈత వచ్చినా ఎక్కి రావడానికి పట్టు దొరకదు.


నల్లకోటు (మంగళవారం, ఉదయం 9:30)

కుప్ప గురించి వార్ధా గారు చెప్పింది ఒప్పుకుంటున్నా. ట్రాక్టర్ సంగతి నాకు తెలియదు. అలాంటప్పుడు సర్పంచ్ గారికి ఒక కాగితం రాసి ఇవ్వడం మేలు కదా, ఆ కుప్ప జోలికి పోవద్దని. నేను మరాఠీలో డ్రాఫ్ట్ చేసి పెడతాను.


టీచరమ్మ_రాజురా (మంగళవారం, మధ్యాహ్నం 12:40)

మా బడిలో తెలుగు, మరాఠీ, గోండీ మాట్లాడే పిల్లలు కలిసి చదువుతారు. ఎనిమిదో తరగతి వాళ్లను తీసుకురావచ్చా? సుత్తులు ఇవ్వను, ఏరడమే. పులి భయం ఏమన్నా ఉందా అటు?


వార్ధా_ఒడ్డు (మంగళవారం, రాత్రి 8:35)

టీచరమ్మ గారూ, తప్పకుండా రండి. కుప్పలో ఇప్పటికే విడిపోయిన పలకలు చాలా ఉన్నాయి, పిల్లలకు సుత్తి అక్కర్లేదు. పులి ఈ మధ్య ఆ ఊరి వైపు రాలేదని మేకలాయన అన్నాడు, అయినా ముందురోజు అటవీ శాఖ గార్డును అడుగుతాను. చీకటి పడకముందే వచ్చేయాలి. మార్చి దాటితే ఎండకు నిలబడలేం, కాబట్టి ఈ నెలలోనే.

నల్లకోటు గారూ, డ్రాఫ్ట్ పెట్టండి, నేనే తీసుకెళ్లి ఇస్తాను.

అక్కా, అంచు కొరికిన ఆకు రెండు ముక్కలూ పాత పేపర్లో చుట్టి పెట్టాను. మీరు నాగపూర్ నుంచి ఎప్పుడు వస్తే అప్పుడు చూపిస్తా. చుక్క పెట్టి నంబరు వేశా. మావాడు గుండ్రాయికి కూడా నంబరు వేశాడు, పారేయనివ్వట్లేదు.

పిల్లలు లేకుండా ముందు మనం ఒకసారి చూసి రావాలి. వచ్చే ఆదివారం ఉదయం ఆరున్నరకు బల్లార్ష బస్టాండు. నీళ్లు, టోపీ, కళ్లకు అద్దాలు ఎవరివి వాళ్లు తెచ్చుకోండి. అద్దాలు లేనివాళ్లకు ఉలి ఇవ్వను. రాయి పెచ్చు మొన్న నా చెంపకు తగిలింది, ఇంకో అంగుళం పైకి పోతే కన్నే.


ఓసీ_టూ (మంగళవారం, రాత్రి 8:52)

నేను రెడీ. షిఫ్టు మార్చుకుంటా. ఓవర్‌మన్ బాబాయ్, మీరూ రండి, రాడ్డు కూడా తేండి.


రిటైర్డ్_ఓవర్‌మన్ (మంగళవారం, రాత్రి 9:10)

రాడ్డు అల్లుడు పందిరికి వాడేశాడు. నేను మాత్రం వస్తా. మోకాళ్లు సహకరించవు, కుప్ప పక్కన కుర్చీ వేయండి, మీరు తెచ్చిచ్చే పలకలు విడదీస్తూ కూర్చుంటా.